ఉద్యోగం మానేసి షేర్ల మీద బతకడం ఎలా? బియ్యం డబ్బా, గాదె, పొలం లెక్క

"షేర్లలో పెడితే నెల నెలా ఎంతొస్తుందండీ?" పెళ్లిళ్లలో, పొద్దున నడకలో, ఫోన్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది నలభై దాటిన ఉద్యోగులు. ఆఫీసంటే విసుగొచ్చింది, చేతిలో కొంత ఉంది, ఇక చాలనుకుంటున్నారు. వాళ్లకు నేను చెప్పే మొదటి మాట నచ్చదు. షేర్లు నెల నెలా ఏమీ ఇవ్వవు. ఒక ఏడాది బ్రహ్మాండంగా పెరుగుతాయి, ఇంకో ఏడాది సగానికి పడతాయి. అలాంటి వాటి మీద ఆధారపడి నెల నెలా కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు కట్టాలంటే మధ్యలో ఒక ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను.

నేను 2019 డిసెంబరులో, 46వ ఏట మానేశాను. మూడు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చిపడింది. జనవరిలో 42 వేల పాయింట్లు తాకిన సెన్సెక్స్ (30 పెద్ద కంపెనీల షేర్ల ధరల సూచీ) మార్చి 23న 26 వేల కిందకు దిగింది. నేను కూడా ఆ వారంలో భయపడి ఆరు లక్షల మ్యూచువల్ ఫండ్లు అమ్మేశాను. నవంబరు కల్లా సూచీ పాత గరిష్ఠాన్ని దాటింది. నేను అమ్మినవి మాత్రం వెనక్కి రాలేదు. కింద రాసిన నియమాల్లో సగం ఆ ఆరు లక్షలు నేర్పినవే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్రెడిట్ కార్డు బిల్లులు, ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపుల చిట్టా.
- షేర్లు, ఫండ్లు అన్నీ ఒకేచోట చూపించే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్. పాన్ నంబరు మీద, షేర్లను కంప్యూటర్ ఖాతాల్లో భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ సంస్థ నుంచి మెయిల్‌కు వస్తుంది.
- ఈపీఎఫ్ పాస్‌బుక్, ఎఫ్‌డీల వివరాలు, బాకీ ఉన్న అప్పుల జాబితా.
- కంపెనీతో సంబంధం లేకుండా సొంతంగా తీసుకున్న ఆరోగ్య బీమా.
- ఒక నోటుబుక్కు. ఎక్సెల్ వచ్చినా సరే, చేత్తో రాస్తే అంకెలు బుర్రలోకి ఎక్కుతాయి.
- ఇంట్లోవాళ్ల ఒప్పుకోలు. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా మొదలుపెట్టకండి.

1. ఏడాది ఖర్చు తేల్చండి

నెల ఖర్చు ఎంతని అడిగితే అందరూ తక్కువే చెబుతారు. అబద్ధమాడరు, మర్చిపోతారు. కారు ఇన్సూరెన్సు, ఇంటి పన్ను, సంక్రాంతికి ఊరెళ్లిరావడం, మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు పెట్టిన పట్టుచీర, చెడిపోయిన వాషింగ్ మెషీన్ ఇవేవీ నెల ఖర్చులో కనబడవు. అందుకే నెలను 12తో గుణించకండి. స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఏడాది మొత్తం కూడండి.

ఒక లెక్కతో సాగుదాం. హైదరాబాద్‌లో అప్పులేని సొంత ఫ్లాటు, భార్యాభర్తలు, ఇంటర్ చదివే ఒక పిల్ల. మామూలు ఖర్చు నెలకు 60 వేలు, ఏడాదికి 7.2 లక్షలు. అప్పుడప్పుడూ వచ్చేవి, ఆరోగ్య బీమా, పన్నులు కలిపి ఇంకో 1.8 లక్షలు. మొత్తం ఏడాదికి 9 లక్షలు.

పిల్ల ఇంజనీరింగు, పెళ్లి ఇందులో కలపకండి. అవి పెద్ద మొత్తాలు, తేదీ తెలిసిన ఖర్చులు. వాటికి విడిగా డబ్బు పక్కన పెట్టి, ఆ డబ్బు లేదనుకునే మిగతా లెక్క వేసుకోవాలి. సీటు మేనేజ్‌మెంట్ కోటాలో వస్తే ఎంతవుతుందో కూడా ముందే కనుక్కోండి.

2. ఎంత ఉంటే సరిపోతుంది?

ఏడాది ఖర్చును 33తో గుణించండి. 9 లక్షలకు సుమారు 3 కోట్లు. ఇదే మీ నిధి. అంటే మొదటి ఏడాది నిధిలో 3 శాతం తీస్తారు. తర్వాత ఏటా ధరలు పెరిగిన మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతారు.

"25 రెట్లు చాలంటారు కదా, 4 శాతం రూల్ ఉంది కదా" అని వెంటనే అడుగుతారు. ఆ లెక్క 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసింది. అమెరికా షేర్లు, అమెరికా బాండ్లు, అమెరికా ధరలు, 30 ఏళ్ల విశ్రాంత జీవితం. 47 ఏళ్లకు మానేసే మనకు 40 ఏళ్ల పైమాటే కావాలి. మన దగ్గర ధరలు పెరిగే వేగం కూడా వేరు. 6 శాతం చొప్పున పెరిగితే ఈ 9 లక్షల ఖర్చు 12 ఏళ్లకు 18 లక్షలవుతుంది. అప్పటికి మీకు 59. ఇంకా అరవై కూడా నిండదు.

నిధిలో వేటిని కలపాలన్న దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. ఉంటున్న ఇల్లు కలపకూడదు. ఆడవాళ్ల బంగారం కలపకూడదు. శంకర్‌పల్లి దగ్గరో అమరావతి దగ్గరో కొన్న ప్లాటు "ఇవాళ అమ్మినా కోటి వస్తుంది" అంటారు. మరి అమ్మండి. డబ్బు బ్యాంకులో పడ్డాక, పన్ను కట్టాక మిగిలింది కలుపుకోండి. అమ్మనంతవరకు అది కాగితం మీద కోటే. పైగా ప్లాటును చదరపు గజాల్లెక్కన కోసి ఈ నెల సరుకులు తెచ్చుకోలేరు.

మీ దగ్గర 33 రెట్లు లేవా? రెండు దారులున్నాయి. ఇంకో మూడు నాలుగేళ్లు పనిచేయడం ఒకటి. సగం రిటైర్మెంట్ ఇంకొకటి. ట్యూషన్లో, కన్సల్టింగో, ఏదో ఒకటి చేసి నెలకు 30 వేలు తెచ్చుకున్నా ఏడాదికి 3.6 లక్షలు. అప్పుడు నిధి మోయాల్సింది 5.4 లక్షలే, కావాల్సింది సుమారు 1.8 కోట్లు. పూర్తిగా మానేయడం కన్నా చాలామందికి ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. నన్నడిగి ఈ దారిన వెళ్లినవాళ్లే ఎక్కువ హాయిగా ఉన్నారు కూడా.

3. కాగితం మీద సగం కోసి చూడండి

ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. మీ షేర్ల విలువ రేపు పొద్దున సగమైందనుకోండి. జరగని విషయమేం కాదు. 2008 జనవరిలో 21 వేల దాకా వెళ్లిన సెన్సెక్స్ 2009 మార్చి నాటికి 8 వేల దగ్గరుంది. 2010 నవంబరులో ఒకసారి పాత స్థాయిని తాకి మళ్లీ జారింది. గట్టిగా నిలబడింది 2013 చివర్లో. అంటే దాదాపు ఆరేళ్లు.

మన లెక్కలో 3 కోట్లలో 70 శాతం, అంటే 2.1 కోట్లు షేర్లలో ఉన్నాయనుకుందాం. సగమైతే 1.05 కోట్లు. మిగతా 90 లక్షలు కలిపితే 1.95 కోట్లు. 9 లక్షల ఖర్చు అందులో 4.6 శాతం. ఇబ్బందే, కానీ నడుస్తుంది. అదే 25 రెట్లతో, 2.25 కోట్లతో మానేసినవాళ్లకు ఇదే దెబ్బ తగిలితే మిగిలేది సుమారు 1.46 కోట్లు. తీసేది 6 శాతం పైన. మొదటి ఐదేళ్లలో ఇలా జరిగితే తర్వాత మార్కెట్ ఎంత పెరిగినా కోలుకోవడం కష్టం, పెరగడానికి అక్కడ మిగిలిందే తక్కువ కాబట్టి. ఇదే దెబ్బ పదిహేనో ఏట తగిలితే ఇంత ప్రమాదం ఉండదు.

4. మూడు చోట్ల సర్దండి

మా తాతగారింట్లో వంటింట్లో బియ్యం డబ్బా, సావిట్లో గాదె, ఊరి బయట పొలం ఉండేవి. ఆకలేస్తే ఎవరూ పొలానికి పరుగెత్తరు. డబ్బా గాదె నుంచి నిండుతుంది, గాదె పొలం నుంచి నిండుతుంది. వర్షాలు పడని ఏడు గాదె ఆదుకుంటుంది. డబ్బునూ ఇలాగే సర్దాలి.

బియ్యం డబ్బా: రెండేళ్ల ఖర్చు, 18 లక్షలు. సేవింగ్స్ ఖాతాలో కొంత, లిక్విడ్ ఫండ్లో (కొద్ది రోజుల అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్) కొంత. వడ్డీ తక్కువని బాధపడకండి. దీని పని వడ్డీ తేవడం కాదు, మీకు నిద్ర పట్టించడం. ప్రతి నెలా 1న ఇందులోంచి ఖర్చుల ఖాతాకు 75 వేలు వెళ్లేలా ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టండి. జీతం పడినట్టే ఉంటుంది.

గాదె: ఎనిమిదేళ్ల ఖర్చు, 72 లక్షలు. దీన్ని ఎనిమిది ముక్కలు చేసి ఏడాదికొకటి గడువు తీరేలా ఎఫ్‌డీలు వేయండి. కొంత ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ (వడ్డీ రేటు మారుతుండే) బాండ్లలో పెట్టొచ్చు, గడువు ఏడేళ్లు. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒక్కరి పేరుమీద 9 లక్షలు, జాయింటుగా 15 లక్షల వరకు పెట్టనిస్తారు. సీనియర్ సిటిజన్ పథకం 60 దాటినవాళ్లకు, రిటైరైతే 55 నుంచి కూడా దొరుకుతుంది. మనకింకా టైముంది. గాదె మీద వడ్డీని గాదెలోనే వదిలేయండి. ఎనిమిదేళ్ల గ్రాసం ధరలతోపాటు పెరుగుతూ ఉండాలి కదా.

ఇక్కడొక హెచ్చరిక. ఒక శాతం ఎక్కువిస్తున్నారని ఏ చిన్న సహకార బ్యాంకులోనో మొత్తం గుమ్మరించకండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. చీటీలు, చేబదుళ్లు, "మనోడే, రెండ్రూపాయల వడ్డీ" లాంటివి గాదెలోకి అసలు రాకూడదు.

పొలం: మిగిలిన 2.1 కోట్లు. ఇది షేర్ మార్కెట్.

5. పొలంలో ఏం వేయాలి?

సగానికి పైగా నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో ఉండనివ్వండి. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల సూచీ, ఈ ఫండ్ ఆ కంపెనీల షేర్లనే కొంటుంది. దానికి తోడు నిఫ్టీ నెక్స్ట్ 50 (ఆ తర్వాతి 50 కంపెనీలు), ఒకటో రెండో ఫ్లెక్సీ క్యాప్ (చిన్నా పెద్దా ఏ కంపెనీలోనైనా పెట్టే) ఫండ్లు. మొత్తం నాలుగు దాటొద్దు. పద్నాలుగు ఫండ్లున్నవాళ్ల స్టేట్‌మెంట్లు చూశాను. అన్నింట్లోనూ అవే పది కంపెనీలు.

ఏజెంటు లేకుండా ఫండ్ కంపెనీ దగ్గరే కొనే డైరెక్ట్ ప్లానే తీసుకోండి. ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్లో ఏటా అదనంగా ఒక శాతం దాకా కమీషన్‌గా పోతుంది. 2.1 కోట్ల మీద ఒక శాతమంటే 2.1 లక్షలు, దాదాపు మూడు నెలల ఇంటి ఖర్చు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కనబడని ఈ చిల్లు, జీతం ఆగాక బాగా కనబడుతుంది. అయితే రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడం పన్ను లెక్కలో అమ్మినట్టే, కాబట్టి రెండు మూడేళ్లలో కొంచెం కొంచెంగా మార్చండి.

విడి షేర్ల మీద ఇష్టం ఉంటే ఉంచుకోండి, కానీ ఏ ఒక్క కంపెనీ పొలంలో 5 శాతం మించకూడదు. ముఖ్యంగా మీరు పనిచేసే కంపెనీ షేర్లు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం బయటపడిన రోజు ఆ షేరు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడింది. జీతమూ దాచుకున్నదీ రెండూ ఒకే కంపెనీ మీద ఆధారపడినవాళ్లకు ఆ రోజు ఎలా గడిచిందో హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు తెలుసు.

ఇక డివిడెండ్ల మాట, అంటే కంపెనీ తన లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు. "డివిడెండ్ తింటూ అసలు ముట్టుకోకుండా బతకొచ్చు కదా?" వినడానికి బాగుంటుంది. ఈమధ్య నిఫ్టీ కంపెనీల సగటు డివిడెండ్ 1 నుంచి 1.5 శాతం మధ్యే ఉంటోంది. 1.25 అనుకుంటే 9 లక్షలు రావడానికి 7.2 కోట్లు పెట్టాలి. కోల్ ఇండియా, పవర్‌గ్రిడ్ లాంటి ప్రభుత్వ కంపెనీలు ఇంతకన్నా చాలా ఎక్కువిస్తాయి, నిజమే. కానీ అలాంటి నాలుగైదు కంపెనీల మీదే సంసారం నడపడమంటే పొలమంతా ఒకే పంట వేయడం. డివిడెండ్ ఏటా ఇంతే వస్తుందన్న హామీ ఏ కంపెనీ ఇవ్వదు. నా దగ్గరా అలాంటి షేర్లు కొన్ని ఉన్నాయి. వాటి డబ్బు వస్తే నేరుగా బియ్యం డబ్బాలో వేస్తాను, ఆ మేరకు పొలం నుంచి తక్కువ అమ్ముతాను. అంతకు మించి వాటి మీద ఆశ పెట్టుకోను.

ఫండ్లలో ఐడీసీడబ్ల్యూ అని కనబడే ఆప్షన్ పాత డివిడెండ్ ఆప్షనే, 2021 ఏప్రిల్ నుంచి పేరు మారింది. అందులో మీకిచ్చేది మీ ఫండ్ విలువలోంచి తీసిందే. ఏమీ పంచకుండా డబ్బును ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్ తీసుకుని, కావాల్సినప్పుడు మీరే తీసుకోవడం మేలు.

6. ఏడాదిపాటు రిహార్సల్ చేయండి

రాజీనామా ఇవ్వకముందే. జీతం పడే ఖాతాను ముట్టుకోవద్దు. ఇంకో ఖాతాలోకి 1వ తేదీన 75 వేలు మాత్రమే పంపించి దాంతోనే ఇల్లు నడపండి. కార్డు వాడినా బిల్లు ఈ ఖాతా నుంచే కట్టాలి. ఏడాది చివర ఎంత తగ్గిందో చూడండి. నాకు మొదటిసారి 1.4 లక్షలు తగ్గింది. దాన్ని 33తో గుణిస్తే 46 లక్షలు. మానేయడం ఇంకో ఏడాదిన్నర వాయిదా వేశాను.

7. రాజీనామాకు ముందు ముగించాల్సిన పనులు

ఆరోగ్య బీమా అన్నిటికన్నా ముందు. కంపెనీ ఇచ్చే పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. షుగర్, బీపీ లాంటివి ముందే ఉంటే కొత్త పాలసీలో మూడేళ్ల వరకు వాటికి డబ్బు రాకపోవచ్చు. అందుకే మానేయడానికి మూడేళ్ల ముందే సొంత పాలసీ తీసుకోండి. ఉన్న జబ్బులు దాచకండి, క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్‌టీ లేదు, ఆ మేరకు ప్రీమియం భారం తగ్గింది.

హోమ్ లోన్ తీర్చేయండి. కొత్త క్రెడిట్ కార్డు కావాలంటే పే స్లిప్ ఉండగానే తీసుకోండి. ఈపీఎఫ్ పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు నిండితే 58వ ఏట నుంచి చిన్న పెన్షన్ వస్తుంది, కొద్ది నెలల తేడాలో ఉంటే ఆగండి. కంపెనీ మీకిస్తానన్న షేర్లు చేతికొచ్చే తేదీలు కూడా చూసుకోండి.

అమెరికా నుంచి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడదామనుకునే మనవాళ్లకు ఒక మాట. మీకు అక్కడి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉంటే ఇండియా మ్యూచువల్ ఫండ్ల మీద అమెరికా పన్ను నిబంధనలు చాలా కఠినంగా ఉంటాయి. పొలాన్ని అక్కడి ఇండెక్స్ ఫండ్లలోనే ఉంచి, బియ్యం డబ్బా, గాదె మాత్రం రూపాయల్లో పెట్టుకోండి. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌కు ముందు చూపించాకే ఏదైనా కొనండి.

8. ఏటా ఏప్రిల్‌లో డబ్బా నింపుకోండి

ఏడాదికి ఒక్కరోజు పని. ఏప్రిల్ మొదటి వారంలో నిఫ్టీ తన పాత గరిష్ఠానికి ఎంత దూరంలో ఉందో చూడండి.

- 10 శాతం లోపల ఉంటే, లేదా కొత్త గరిష్ఠంలో ఉంటే: పొలం నుంచి ఒక ఏడాది ఖర్చు అమ్మి డబ్బాలో వేయండి.
- 10 శాతం కన్నా ఎక్కువ కిందికి ఉంటే: పొలం జోలికి వెళ్లకండి. ఆ ఏడాది గడువు తీరిన ఎఫ్‌డీ డబ్బులు డబ్బాలో వేయండి.
- పొలం నుంచే డబ్బా నిండిన ఏడాది గడువు తీరిన ఎఫ్‌డీని మళ్లీ దీర్ఘకాలానికి వేసేయండి.
- పొలం వాటా మొత్తంలో 75 శాతం దాటిన మంచి ఏడాది: అదనంగా అమ్మి, గాదెలో అంతకుముందు ఖర్చయిన భాగాన్ని పూరించండి.

2025 ఏప్రిల్ మొదట్లో నిఫ్టీ 23 వేల చిల్లర ఉంది. 2024 సెప్టెంబరులో అది చూసిన గరిష్ఠం 26,277. తేడా 10 శాతం పైనే. నేను గాదె నుంచే తీసుకున్నాను. 2020లో ఈ నియమం నాకుంటే ఆ ఆరు లక్షలు ఇవాళ పొలంలోనే ఉండేవి. కష్టకాలంలో షేర్లు అమ్మడమంటే విత్తనపు వడ్లు దంచుకుని తినడమే.

ఏటా కూర్చుని ఈ నిర్ణయం తీసుకోవడం మీ వల్ల కాదనుకుంటే ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకోవచ్చు. నెల నెలా ఫండ్ నుంచి మీరు చెప్పిన మొత్తం ఖాతాలో పడుతుంది. కానీ దాన్ని ఈక్విటీ ఫండ్ (షేర్లలో పెట్టేది) మీద పెట్టకండి, లిక్విడ్ లేదా షార్ట్ డ్యూరేషన్ ఫండ్ (తక్కువ కాలపు అప్పు పత్రాల్లో పెట్టేవి) మీద పెట్టండి. ఈక్విటీ ఫండ్ మీద పెడితే మార్కెట్ పడ్డ నెలల్లో అదే 75 వేల కోసం ఎక్కువ యూనిట్లు అమ్ముడుపోతాయి. "12 శాతం వస్తుంది, 8 శాతం తీసుకోండి, అసలు అలాగే ఉంటుంది" అని కాగితం మీద గీసి చూపించే ఏజెంట్లు సగటు మాత్రమే చెబుతారు. ఏ ఏడాది ఎంత పడిందన్న వరస చెప్పరు.

9. పన్ను

2025-26 లెక్కల ప్రకారం, ఏడాది దాటిన షేర్లు, ఈక్విటీ ఫండ్లు అమ్మితే వచ్చే లాభంలో మొదటి 1.25 లక్షలకు పన్ను లేదు. ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. డివిడెండ్, ఎఫ్‌డీ వడ్డీ మీ మామూలు ఆదాయంలో కలుస్తాయి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడకుండా రిబేటు (తగ్గింపు) ఉందని అందరికీ తెలుసు. షేర్ల లాభానికి ఆ రిబేటు వర్తించదన్నది చాలామందికి తెలియదు.

మన లెక్కలో: 9 లక్షల ఫండ్లు అమ్మారు, అందులో సగం లాభమనుకుంటే 4.5 లక్షలు. 1.25 పోగా 3.25 లక్షల మీద 12.5 శాతం, సెస్సు కలిపి 42,250 రూపాయలు. గాదె మీద 7 శాతం చొప్పున వచ్చిన 5 లక్షల వడ్డీకి రిబేటుతో పన్ను సున్నా. మీకు వడ్డీ ఆదాయం చాలా తక్కువైతే, పన్ను పడని మొదటి 4 లక్షల మినహాయింపులో మిగిలిన భాగం కూడా షేర్ల లాభానికి సర్దుకోవచ్చు. ఈ వెసులుబాటు ఎన్నారైలకు లేదు.

ఉద్యోగంలో ఉండగానే ఒక పని మొదలుపెట్టండి. ప్రతి మార్చిలో 1.25 లక్షల లాభం వచ్చేంత అమ్మి వెంటనే తిరిగి కొనండి. కొనుగోలు ధర పెరుగుతుంది, రేపు పన్ను తగ్గుతుంది. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా చేసుకోవచ్చు. కానీ మీ డబ్బే ఆవిడ పేరున పెడితే దాని మీద వచ్చేది మీ ఆదాయంలోనే కలుపుతారు. ఆవిడ సంపాదనైతేనే ఆవిడ లెక్క.

ఏడాది పన్ను 10 వేలు, ఆపైన ఉంటే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి: జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15. అరవై దాటి, వ్యాపారం లేనివాళ్లకు మినహాయింపు ఉంది, మనకు లేదు. జీతంలోంచి కోసుకునేవాళ్లు ఇప్పుడెవరూ లేరు కాబట్టి క్యాలెండర్లో రాసిపెట్టుకోండి.

ఎక్కువమంది ఎక్కడ పడుతున్నారు

ఖాళీ సమయం. ఇదే అసలు ప్రమాదం. ఉద్యోగం మానేసిన మూడో నెలలో తొమ్మిదింపావుకల్లా టీవీ ముందు కూర్చుంటారు. ఆరో నెలలో ఆప్షన్స్, అంటే ధర పెరుగుతుందా పడుతుందా అని కాసే పందెం లాంటిది. "నెలకు 3 శాతం తీస్తున్నా, పెద్ద రిస్కేం లేదు" అంటారు. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు. మిగతా ఏడుగురిలో నేనుంటానని అందరూ అనుకుంటారు. నా సలహా: పొలం ఉన్న డీమాట్ ఖాతాలో ఆ సెగ్మెంట్‌నే ఆపించేయండి. ట్రేడింగ్ యాప్‌ను ఫోన్లోంచి తీసేయండి.

బంధువులకు అప్పు. మీ దగ్గర కోట్లున్నాయన్న మాట పాకితే చాలు. నేను ఎవరడిగినా "ఇంటి నుంచి పనిచేస్తున్నా" అంటాను. సంబంధాలు చూసే వేళ "అమ్మాయి నాన్నగారు ఏం చేస్తారు" అన్న ప్రశ్నకూ ఇదే పనికొస్తుంది.

భయపడి అంతా ఎఫ్‌డీల్లో పెట్టడం. ఇది మెల్లగా చంపుతుంది. పన్ను పోగా వచ్చే వడ్డీ ధరల పెరుగుదలతో సరిపోతే గొప్ప. నలభై ఏళ్లు నిలవదు.

సరిగ్గా నడుస్తోందా? ఏటా చూడాల్సినవి

ఏప్రిల్‌లో డబ్బా నింపిన రోజే నోటుబుక్కులో మూడు అంకెలు రాయండి. ఈ ఏడాది తీసిన మొత్తం నిధిలో ఎంత శాతం? 3.5 లోపుంటే నిశ్చింత. 3.5 నుంచి 5 మధ్య ఉంటే ఆ ఏడాది ప్రయాణాలు, కొత్త కారు ఆపండి, ధరల పెంపు తీసుకోకండి. 5 దాటితే ఏదో ఒక పని వెతుక్కోండి, వెంటనే, నిధి ఇంకా పెద్దగా ఉండగానే. రెండోది, డబ్బా, గాదె కలిపి ఎన్నేళ్ల ఖర్చు ఉంది? ఐదుకు తగ్గితే మార్కెట్ కోలుకున్న మొదటి ఏడాదే గాదె నింపడం మీ మొదటి పని. మూడోది, అనుకున్న ఖర్చుకూ అయిన ఖర్చుకూ తేడా. వరసగా రెండేళ్లు 10 శాతం మించి ఎక్కువైతే మీ మొదటి లెక్కే తప్పు, ఒకటో మెట్టు నుంచి మళ్లీ వేయండి.

అన్ని ఖాతాలకూ నామినీ పెట్టి, వీలునామా రాసి, ఏది ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ కాగితం సరిపోతుందో లేదో తేల్చడానికి ఒకటే మార్గం. ఒక ఏప్రిల్‌లో మీరు పక్కన నోరు మూసుకుని కూర్చోండి, డబ్బా నింపే పని మీ ఆవిడ చేయాలి, లేదా మీ ఆయన. మా ఇంట్లో మొదటిసారి ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుందో తెలియక అక్కడే ఆగిపోయింది. ఆ సాయంత్రం కాగితంలో ఇంకో నాలుగు లైన్లు చేర్చాం.